నాలుగు మార్కుల చీటి

రోహిణీకార్తె ప్రవేశించి నాలుగు దినములయ్యెను. మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములచేఁ గాఁగిన యింద్రకీలాద్రి శిలలనుండి వెడలు సెగ కృష్ణాగర్భమునందలి యిసుకతిన్నెలమీఁదుగాఁ బ్రసరించి విజయవాడనగరమునంతయు నొక కుమ్మరియావమువలెఁ గాల్చుచుండఁగా బందరుకాలువ గట్టున నాటోలవారు తడిపిన తువాళ్లు ముఖములపైఁ గప్పికొని చెట్లనీడల నిదురించుచుండఁగా గవర్నరుపేట యంగళ్ల తలుపులు సగము మూయఁబడి వీధి నిర్మానుష్యమై యుండఁగా గురువారమునాఁడు జొహరు నమాజు వేళ షేకు మౌలాలి తన యింటి వసారాలో నవారుమంచముమీఁదఁ గూర్చుండి మంచినీళ్లు త్రాగుచుఁ బ్రక్కకు నొఱగి మఱి లేవలేదు. ఆయనకు వయస్సు అఱువదినాలుగు. గుండె యాగెనని వైద్యుఁడు చెప్పెను.

ఆ వార్త గవర్నరుపేటలోని యొక మేడ రెండవయంతస్తునఁ గల పత్రికాకార్యాలయమునకుఁ జేరునప్పటికి భ్రమరాంబ బల్లయొద్దఁ గూర్చుండి మెట్లమీఁది యడుగులసవ్వడి కొఱకు వీనులప్పగించి యుండెను. మూఁడుదినములనుండి రాని మౌలాలి నేఁడైన వచ్చునని యామె తలంపు. ఆమెయెదుట మూఁత తీయఁబడిన కంప్యూటరు గర్భమునందు మూరెఁడు పొడవుగల నల్లని పలక యొకటి నిశ్శబ్దముగా నుండెను. ఆ పలకనుగూర్చి యిరువురును గలసి వ్రాయవలసిన వ్యాసము మొదలైనను గాలేదు. వార్త తెచ్చినవాఁడు చెప్పి వెడలిపోయిన పిదప నామె లేచి యంత్రము నార్పి బల్లమీఁదఁ దుడుచుటకేమియు లేకున్నను బల్లను దుడిచి చెప్పులు తొడిగికొని మెట్లు దిగెను.

భ్రమరాంబ పటమటలో నొక యున్నతపాఠశాలయందు భౌతికశాస్త్రము బోధించుచు సాయంకాలములందును వేసవి సెలవులయందును "యంత్రలోకము" అను మాసపత్రికకుఁ గంప్యూటరు పరికరములను బరీక్షించి గుణదోషములు నిర్ణయించుచుండెను. కొలువఁబడనిది తెలియఁబడనట్లే యని యామె విద్యార్థులకుఁ బ్రతిసంవత్సరమును మొదటి పాఠమునఁ జెప్పుచుండెడిది. మౌలాలి యట్టి చదువు చదివినవాఁడు కాఁడు. గాంధీనగరమునందలి యొక సినిమాహాలులో ముప్పదియొక్క సంవత్సరములు ప్రొజెక్టరు నడపినవాఁడు. ఆ కాలమునఁ జిత్రమంతయు నొక్క చుట్టయందు ముగిసెడిది కాదు. ఒక యంత్రముమీఁది చుట్ట ముగియుచుండఁగాఁ దెరమూలను జుక్క యొకటి మెఱసి మాయమగును. ఆ చుక్కను గని చేయి కదపి రెండవ యంత్రమునకు నాటను నప్పగింపవలెను. ఆ చేతులు మారుట ప్రేక్షకునకుఁ దెలిసెనా యది యాపరేటరునకుఁ దలవంపు. మౌలాలి యొక్కనాఁడును దల వంచుకొనలేదని యా హాలువారు నేఁటికిని జెప్పుదురు. కాలము మాఱి హాలునకుఁ గ్రొత్త డిజిటలు యంత్రము వచ్చినప్పుడు పాతవి రెండును నినుపతుక్కుక్రింద నమ్ముడుపోయెను. ఆయనకు మిగిలినవి తుప్పుపట్టిన రీలు డబ్బాలు కొన్నియుఁ దన రెండు కన్నులును మాత్రమే.

ఆఱేండ్ల క్రిందట నా డబ్బాలు సీడీలు దాఁచుకొనుటకేమైనఁ బనికివచ్చునా యని యడుగ వచ్చి పత్రికాకార్యాలయమున భ్రమరాంబ వెనుక నిలుచుండి యామె పరీక్షించుచున్న తెరను రెండునిమిషములు చూచి, ఏమమ్మా బొమ్మ తప్పుతోందే యని యాయన యనెను. ఆమె కేమియుఁ దప్పినట్లు కనఁబడలేదు. రెండుగంటలు వెదకి చూడఁగా నిజముగనే యొక దోషము బయల్పడెను. నాఁటినుండి సంపాదకుఁడు శేషగిరిరావు మౌలాలిని బత్రికలో నియమించెను. కొలుచుట భ్రమరాంబ పని. చూచుట మౌలాలి పని.

వారిరువురి నడుమ నొక పద్ధతి యేర్పడెను. ప్రతి పరికరమునకును బదింటికిఁ దామిచ్చు మార్కు నొకరి కొకరు చూపకుండ చీటిమీఁద వ్రాసి మడిచి మౌలాలి తెచ్చిన యొక రీలు డబ్బాలో వేయుదురు. డబ్బాలోఁ బడిన చీటిని మఱి మార్చఁగూడదు. అచ్చునకుఁ బంపు దినమున శేషగిరిరావు డబ్బా తెఱచి రెంటినిఁ గూడి సగము చేసి యా సగటును బ్రకటించును. ఆఱేండ్లలో రెండు చీటులకు నడుమ నొక్క మార్కునకు మించి భేద మెన్నఁడును రాలేదు. అందువలన నా పద్ధతి మంచిదో చెడ్డదో విచారింపవలసిన యవసరమును రాలేదు.

అట్టి దినములయందు నా నల్లని పలక, గ్రాఫిక్సు కార్డు, వచ్చెను. దాని పేరు ఈ కథకు నక్కఱలేదు. పంపిణీదారుఁడు పదిదినముల కెరవిచ్చెను. ఆటల కంప్యూటరులయందుఁ దెరపైఁ గనఁబడు దృశ్యములను వెనువెంట లిఖించుటకు నిట్టి పలక యొకటి యుండును. సామాన్యమైన పలకకుఁ బ్రాసెసరు ఒక్కటి. ఈ యమూల్యమైన పలకకు రెండు. మొదటి బొమ్మను మొదటిది వ్రాయును. రెండవ బొమ్మను రెండవది వ్రాయును. మూఁడవదానిని మరల మొదటిది యందుకొనును. ఇట్లు వంతులవారీగా నిరువురు చిత్రకారులొక్క పటమును గీయునట్లు క్షణమునకు, అనఁగా సెకనునకుఁ, దొంబదికిఁ బైగా బొమ్మలు తెరపై నిలుచును. ఈ సంగతి భ్రమరాంబ వివరింపఁగా మౌలాలి చిఱునవ్వు నవ్వి, ఇది మన రెండు మిషన్ల ఆటే టీచరమ్మా, పేరు మార్చుకొచ్చిందంతే యని కార్డును బిడ్డ నెత్తికొన్నట్లు రెండు చేతులతో నెత్తి చూచెను.

సోమవారము ప్రాతఃకాలమున నెనిమిదిగంటలకు భ్రమరాంబ కొలతలు తీసెను. గదిలో నేసీ చల్లగా నాడుచుండెను. మూఁడాటలు మూఁడుమాఱులు నడపి లెక్కింపఁగా క్షణమునకుఁ దొంబదియాఱు బొమ్మల సగటు వచ్చెను. అంతకుమున్నెన్నఁడు నా బల్లమీఁద నంత సంఖ్య రాలేదు. ఆమె తొమ్మిది యని వ్రాసి చీటి మడిచి డబ్బాలో వేసెను.

పండ్రెండుగంటలకుఁ గరెంటు కోత మొదలయ్యెను. కార్యాలయపు జనరేటరు కంప్యూటరులకును ఫ్యానులకును జాలును గాని యేసీకిఁ జాలదు. రెండుగంటలకు మౌలాలి తన టీ ఫ్లాస్కుతో వచ్చి కూర్చుండి కారుపందెపు ఆట నొకదానిని నలువదినిమిషములు నడపెను. కారు గెలిచెనో యోడెనో యాయన కక్కఱలేదు. వంతెన దాఁటునప్పుడు దాని యినుపకమ్ముల వరుస యెట్లు కదలుచున్నదో యదియే చూచెడివాఁడు. ఆ వంతెనను మరల మరల దాఁటి కడపట నాట నాపెను.

"టీచరమ్మా, ఇందులో చేతులు మారటం తెలిసిపోతోంది."

తొంబదియాఱు వచ్చినదని భ్రమరాంబ చెప్పెను.

"మీ మీటరు టిక్కెట్లు లెక్కెడుతుంది. ఆట చూడదుగా."

అది వారి నడుమఁ బాతపడిన పరిహాసము. ఎప్పుడైనను నామె నవ్వెడిది. ఆ దినమున మాత్రము చెమట కన్నులలోనికిఁ గాఱుచుండెను. ప్రాతఃకాలమునుండి తీసిన కొలతలన్నియు నొక్క మాటతోఁ దీసివేయఁబడినట్లు తోఁచెను. ఆయన వంతెనను జూపి మరల చూడుమనఁగా నామె చూచెను. ఆమె కేమియుఁ గనఁబడలేదు. అప్పుడామె యనిన మాట యిది.

"మౌలాలిగారూ, మీటరులో తప్పేం లేదు. ఓసారి మీ కళ్ళు చూపించుకోండి."

మౌలాలి చీటి కాగితమును దగ్గఱకుఁ దీసికొనెను. పిదప, సర్లెండి చూపించుకుంటానని శాంతముగాఁ బలికి చీటి వ్రాసి మడిచి డబ్బాలో వేసి మెట్లు దిగి పోయెను. ఫ్లాస్కు బల్లమీఁదనే యుండిపోయెను. ఆమె దానిని జూచియుఁ బిలువలేదు. ఱేపు వచ్చునుగదా యని యూరకుండెను.

గురువారము సాయంకాలమున జనాజా లేచినప్పుడు భ్రమరాంబ లోపలి గదిలో స్త్రీల నడుమఁ గూర్చుండెను. ఆయన భార్య జరీనా యెవరి భుజముపైననో తల యానించి కన్నులు మూసికొని యుండెను. అందఱును మౌలాలి మంచితనమునుగూర్చి మెల్లగాఁ జెప్పుకొనుచుండిరి. వేసవిలో మధ్యాహ్నపుటాట విడిచినప్పుడు హాలు వెలుపల నిలిచినవారికిఁ దన కుండలోని నీళ్లు పోసెడివాఁడని యొకరు చెప్పిరి. భ్రమరాంబ వారి మాటలు వినుచుండెను. ఆయనతోఁ దానాడిన కడపటి వాక్యమే యామె మనస్సున నిలిచియుండెను.

శనివారమునాఁడు శేషగిరిరావు డబ్బా తెఱచెను. ఒక చీటియందుఁ దొమ్మిది. రెండవదానియందు నాలుగు. ఆయన యా రెంటినిఁ బ్రక్కప్రక్కన నుంచెను. సగటు ఆఱున్నర యగును, అది మీ మాటయుఁ గాదు ఆయన మాటయుఁ గాదని యనెను. పిమ్మట గొంతు తగ్గించి తన యాలోచన చెప్పెను.

"పోయినాయన్ని ఇప్పుడు నలుగురి నోళ్ళలో పెట్టటం ఎందుకండీ. చివరికి ఆయన కన్ను కూడా పోయిందంటారు. ఆ చీటి తీసేద్దాం. మీ తొమ్మిదే వేసి, మొదటి పేజీలో ఆయన ఫొటో పెడదాం."

అది కరుణతోఁ జెప్పిన మాటయే. శేషగిరిరావు కన్నులు చెమ్మగిల్లి యుండెను. అచ్చునకు మంగళవారము గడువు. ఆ దినముననే కార్డును బంపిణీదారునకుఁ దిరిగి యీయవలెను. ఆఱేండ్లు లక్షలకొలఁది బొమ్మలను జూచి తప్పుపట్టిన యా కన్ను కడపటి పరీక్షయందుఁ దప్పెనని యొప్పుకొనుటయా లేక యా చీటిని నిలువఁబెట్టుటయా యను నిర్ణయము భ్రమరాంబ చేతఁ బడెను. నిలువఁబెట్టుట కామెయొద్ద నాధారము లేదు. ఆధారములేని మాటను నిలువఁబెట్టుట యామె బోధించిన చదువునకు విరుద్ధము.

ఆదివారమునాఁ డామె ఫ్లాస్కును గడిగి తుడిచి తీసికొని మౌలాలి యింటికిఁ బోయెను. జరీనా దానిని జేతఁ బుచ్చుకొని మూఁత త్రిప్పి చూచి మరల బిగించి గూటిలోఁ బెట్టెను. కొంతసేపటికి లోపలినుండి యొక మడిచిన కాగితమును దెచ్చెను.

"ఇది మీకియ్యాలని చొక్కా జేబులో పెట్టుకున్నారమ్మా. మీరు చెప్పారని మర్నాడే ఎళ్ళి కళ్ళు చూపించుకున్నారు."

భ్రమరాంబ కాగితము విప్పెను. అది కంటివైద్యుని చీటి. రెండు కన్నులును నిర్దోషములనియు దూరపుచూపునకు నద్దము లక్కఱలేదనియు నందు వ్రాయఁబడి యుండెను. జరీనా ముఖమున మూఁడుదినముల పిమ్మట నొక చిన్న నవ్వు కదలెను.

"గోడమీద అక్షరాలన్నీ చదవమన్నాడంట డాక్టరు. ఈయన అన్నీ చదివేసి, అడుగున ఆ అట్ట అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివారంట. ఇంటికొచ్చి ఒకటే నవ్వు. ఒంట్లో నలతగా ఉందని ఆగారు గానీ, మీకు చెప్పాలి, చెప్పాలని."

భ్రమరాంబయు నవ్వఁబోయి నవ్వలేక కాగితమును మడుచుచుండఁగా వెనుకవైపునఁ బెన్సిలుతో వ్రాసిన రెండు పంక్తులు కనఁబడెను. మౌలాలి దస్తూరి పెద్దది. ప్రతి యక్షరమును విడివిడిగా నుండెను.

"టీచరమ్మని అడగాలి. పొద్దున కొలిచినప్పుడు ఏసీ వేసి ఉందా?"

ఆమె దానిని రెండుమాఱులు చదివెను. జరీనాకుఁ దెలుఁగు మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. ఏమి వ్రాసిరమ్మా యని యామె యడిగెను.

"నన్నో మాట అడిగారమ్మా."

"మరి చెప్పారా?"

భ్రమరాంబ యా కాగితమును మడిచి సంచిలోఁ బెట్టుకొనెను. జరీనా తనలోఁ దాననుకొనునట్లు పూర్వపు సంగతులు చెప్పుకొనుచు వచ్చెను. హాలు కేబినులో గోడ దాపునఁ గల యంత్ర మెప్పుడును రెండవదానికంటె నెక్కువగాఁ గాఁగెడిదఁట. మధ్యాహ్నపుటాటలకు నది మొరాయించెడిదఁట. మౌలాలి దానివెనుక నున్న కిటికీ తెఱచి గాలి తగులునట్లు చేసినఁగాని చుట్ట నెక్కించెడివాఁడు కాఁడఁట. వేడి చూడకుండ మిషనును నమ్మరాదని యింటికి వచ్చియుఁ జెప్పెడివాఁడఁట.

సోమవారమునాఁడు భ్రమరాంబ ప్రాతఃకాలమునఁ బోలేదు. మధ్యాహ్నము కరెంటు పోయిన పిమ్మటనే మెట్లెక్కెను. కిటికీలు తెఱచెను. గోడనున్న ఉష్ణమాపకము నలుబదిమూఁడు డిగ్రీలు చూపుచుండెను. మౌలాలి నడపిన యాటనే మౌలాలి కూర్చున్న కుర్చీలోఁ గూర్చుండి యా వంతెనమీఁదుగా నలువదినిమిషములు నడపెను. ఆ మాఱు క్షణమునకు నెన్ని బొమ్మలని మాత్రమే లెక్కింపక బొమ్మకును బొమ్మకును నడుమ గడచు కాలమును విడివిడిగా వ్రాయునట్లు యంత్రమునకు నాజ్ఞ యిచ్చెను. ఆఱేండ్లలో నట్లు కొలువవలెనని యామెకుఁ దోఁచియుండలేదు.

సగటు తొంబదియొకటి వచ్చెను. మునుపటికంటె నైదు మాత్రమే తక్కువ. ఆ సంఖ్యను మాత్రమే చూచినయెడల నామె మరల తొమ్మిదియో యెనిమిదిన్నరయో వేసియుండును. కాని విడిగా వ్రాయఁబడిన కాలముల పట్టికను దెఱచినప్పుడు క్షణములో వేయవవంతులలో లెక్కించిన యంకెలు ఎనిమిది పదునాలుగు ఎనిమిది పదునాలుగు ఎనిమిది పదునాలుగు అని పుటలకొలఁది తెగక సాగుచుండెను. పలకమీఁది ఫ్యాను మొదటి ప్రాసెసరునకు దగ్గఱ. రెండవది కాఁగి యలసి వెనుకఁబడుచుండెను. ఒకటి త్వరగాఁ దెచ్చిన బొమ్మ రెండవదాని బొమ్మకై వేచి చూచుచుండెను. రెండడుగులు వేయు మనుష్యుఁ డొక్క కాలఁ గుంటుచు నడచినను దినమునకు నన్ని క్రోసులే నడచినట్లు సగటు చెప్పును.

ఆమె లేచి బల్లఫ్యానును దెచ్చి రెండవ ప్రాసెసరువైపు గాలి తగులునట్లు పెట్టి మరల నడపెను. పావుగంటలో నంకెలు పది పదకొండు పది పదకొండు అని సమమయ్యెను. ఫ్యాను తీసివేయఁగా మరల నెనిమిది పదునాలుగు. మూఁడుమాఱులట్లే చేసెను. మూఁడుమాఱులట్లే వచ్చెను.

అంతయుఁ దెలిసిన పిమ్మట నామె వంతెనను జూచెను. ఇనుపకమ్ముల వరుసను రెప్పవేయక చూచెను. ఎక్కడ తొట్రుపడునో యెఱిఁగియుఁ జూచెను. ఆమె కేమియుఁ గనఁబడలేదు.

సాయంకాలము శేషగిరిరావు పట్టికలను జదివి కన్నద్దములు తీసి బల్లమీఁదఁ బెట్టెను. ఇంతవఱకు మనము చల్లని గదిలోఁ గొలిచి వేఁడి గదులలో నాడుకొనువారికి మార్కు లమ్మితిమా యని యనెను. కొలుచుట నాపనియే యని భ్రమరాంబ చెప్పెను. ఆయన యామె నూరడింపఁదలఁచి, మీ చీటి కూడ మార్చి యేడో యాఱో వేసికొనుఁడు, ఎవరికిఁ దెలియునని చెప్పెను.

"డబ్బాలో పడ్డ చీటి మార్చం కదండీ. నాది తొమ్మిదే. ఆయనది నాలుగే. సగటు మాత్రం వద్దు."

పంపిణీదారుఁడు కోపించునేమో యని శేషగిరిరావు కొంత సంకోచించెను. పిదప సరే యనెను.

ఆ నెల పత్రికయందు మొదటిమాఱు రెండు మార్కులు విడివిడిగా నచ్చుపడెను. తొమ్మిది యను నంకెకుఁ గ్రింద, ఏసీ గదిలోఁ గొలిచినది, భ్రమరాంబ యని యుండెను. నాలుగు అను నంకెకుఁ గ్రింద, ఎండవేళఁ గన్నులతోఁ జూచినది, షేకు మౌలాలి యని యుండెను. రెంటికిని గ్రింద భ్రమరాంబ వ్రాసిన వాక్య మొకటి. మన యూళ్లలో నాడుకొనువారు రెండవ మార్కును నమ్మవలెను. ఫొటో మొదటి పుటలోఁ గాక యా నాలుగు ప్రక్కననే యచ్చువేయఁబడెను. అందు మౌలాలి కేబిను కిటికీయొద్ద నిలిచి యేదో చూచుచుండును.

కార్డు మంగళవారమే తిరిగి పోయెను. ఆ సంచికను భ్రమరాంబ స్వయముగాఁ దీసికొనిపోయి జరీనాకుఁ జదివి వినిపించెను. వేసవి గడచి పాఠశాల తెఱవఁబడెను. ఆ యేఁడు మొదటి పాఠమున నామె యెప్పుడును జెప్పు వాక్యమును జెప్పక గదిలోని వేఁడిమి నెట్లు కొలువవలెనో చూపెను. క్రొత్త పరికరములు వచ్చుచున్నవి. ఆమె వానిని జల్లనివేళ నొకసారియు నెండవేళ నొకసారియుఁ గొలిచి రీలు డబ్బాలో నొక్క చీటి వేయుచున్నది. రెండవ చీటి వేయుటకు నింకను నెవరును నియమింపఁబడలేదు.

కంటివైద్యుని కాగిత మామె బల్లసొరుగున నున్నది. దానివెనుక నాయన యడిగిన ప్రశ్నకు సమాధానము, ఉంది అను నొక్క మాట. దానిని విని నవ్వవలసినవాఁడు లేఁడు. ఆ రెండు పంక్తుల క్రింద వ్రాయుటకు నామె పలుమాఱులు పెన్సిలు చేతఁ బట్టుకొన్నది గాని యింకను వ్రాయలేదు.